అబ్బాయి జాకెట్టుకు అమ్మ కొలత

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇవాళ జాకెట్టు కొలతల గురించి మాట్లాడతానంటే, "అది మాకు తెలియని విద్యా ఏమిటీ?" అనుకుంటారేమో. మీరనుకునేది రవికె. నేను చెప్పబోయేది మోటారు సైకిలు నడిపే మగపిల్లలూ, ఈమధ్య ఆడపిల్లలూ కూడా వేసుకుంటున్న తోలు జాకెట్టు సంగతి. పేరు ఒకటే గాని పని వేరు. రవికె కుదరకపోతే పెళ్ళిలో నలుగురూ చూస్తారు, అంతేగదా! ఈ జాకెట్టు కుదరకపోతే మోచేతి చర్మం రోడ్డు మీద మిగిలిపోతుంది.

"వాడు కొనుక్కుంటాడు, వాడే వేసుకుంటాడు, మధ్య మనకెందుకమ్మా" అనకండి. మా ఇంట్లో జరిగింది వినండి.

మా అక్క కొడుకు మిరపకాయల వ్యాపారంలో ఉన్నాడు. ఒంగోలు నుంచి గుంటూరు యార్డుకు బండి మీదే వెళ్ళివస్తుంటాడు. టిక్కీలు వేసుకున్న లారీలు, పత్తి బోరేలు పక్కలకు ఉబ్బిపోయిన ట్రాక్టర్లు, వాటి సందుల్లోంచి వీడి ప్రయాణం. వాళ్ళ బాబాయి పరదేశం నుంచి వస్తూ వాడికో తోలు జాకెట్టు తెచ్చాడు. మంచి సరుకే. భుజాల దగ్గరా, మోచేతుల దగ్గరా లోపల దెబ్బకాచే మెత్తలున్నాయి. కాకపోతే రెండు సైజులు పెద్దది. "ఫరవాలేదులే, వదులుగా ఉంటే గాలాడుతుంది. రేపు కాస్త వొళ్ళు చేస్తే సరిపోతుంది" అంది మా అక్క. నేనూ తలూపాను. వాడు అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

తొలకరి రోజుల్లో పని మీద చిలకలూరిపేట వెళ్ళి తిరిగి వస్తున్నాడు. పొలాల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ల చక్రాలతో నల్లరేగడి బురద తారు మీదికి వచ్చి ఉంది. మన రేగడి తడిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? బండి జారింది. హెల్మెట్టు ఉంది కాబట్టి తల దక్కింది. జాకెట్టు ఉంది కాబట్టి వీపు దక్కింది. కాని ఎడమ చెయ్యి దక్కలేదు. జాకెట్టు చెయ్యి వదులు గదా, నేల మీద ఈడ్చుకుపోతున్నప్పుడు అది పైకి ఎగబాకింది. మోచేతి మీద ఉండవలసిన మెత్త పక్కకు తిరిగిపోయింది. పదకొండు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో ఆ జాకెట్టును తిరగేసి చూస్తే, మోచెయ్యి చీరుకుపోయింది గాని ఆ మెత్త మీద గీతైనా లేదు! ఎవరిననుకుని ఏం లాభం? కొలత చూడంది మేమే.

పిల్లలకు ఏది కొన్నా "ఎదిగే వయసు" అని ఒక సైజు పెద్దది కొనడం మనకు అలవాటు. చొక్కాకైతే అది పొదుపు. ఈ జాకెట్టుకు మాత్రం పనికిరాదు. ఎందుకంటే ఇది చేసే పనులు రెండు. నేలమీద రాపిడికి చర్మం లేచిపోకుండా తోలు అడ్డుపడుతుంది. ఎముకకు తగిలే దెబ్బను లోపలి మెత్తలు మింగుతాయి. రెండూ తమ చోట తాము కదలకుండా ఉంటేనే ఆ పని జరుగుతుంది. మోచేతి మెత్త మోచేతి మీద లేకపోతే అది ఎక్కడున్నా ఒకటే.

తోలు సంగతి రెండు మాటల్లో చెబుతాను. బట్టలో పడుగూ పేకా ఉంటాయి. తోలులో నారలు అన్ని దిక్కులా ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. అందుకే రాపిడికి అంత త్వరగా చిరగదు. అందుకే వేసుకున్నకొద్దీ వొంటికి తగ్గట్టు సాగుతుంది కూడా. మన బీళ్ళలో పచ్చగా పూసే తంగేడు బెరడుతో పదును చేసిన తోళ్ళు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి సీమకు వెళ్ళేవి. కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థను 1948లో పెట్టింది కూడా మద్రాసులోనే. ఇప్పుడు ఎక్కువ తోళ్ళను క్రోమియం లవణాలతో పదును చేస్తున్నారు.

ఇక కొలతలకు వద్దాం. రవికె కొలిచే టేపే చాలు. బండి మీద వేసుకునే చొక్కా తొడిగించి, అబ్బాయిని మామూలుగా నిలబెట్టండి. ఛాతీ పొంగించనివ్వకండి. మొదటిది ఛాతీ చుట్టుకొలత. చంకల కిందుగా, ఛాతీ నిండుగా ఉన్నచోట, టేపు వీపు వెనక జారిపోకుండా సమంగా పట్టుకోవాలి. రెండోది నడుము, బొజ్జ ఉంటే బొజ్జ దగ్గరే. మూడోది భుజాల వెడల్పు, ఈ భుజం ఎముక చివర నుంచి ఆ భుజం ఎముక చివరకు. నాలుగోది చేతి పొడవు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. చెయ్యి కిందికి వేలాడేసి కొలవకూడదు. బండి హ్యాండిలు పట్టుకున్నట్టు మోచెయ్యి వంచి, మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా, మోచేతి మీదుగా మణికట్టు దాకా కొలవాలి. వంచిన చెయ్యి చాచిన చేతికంటే పొడవు తీసుకుంటుంది.

ఈ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి. లార్జు, ఎక్స్‌ట్రా లార్జు అనే మాటలు నమ్మకండి. ఒకరి లార్జు ఇంకొకరి మీడియం. అంకెలున్నచోట కూడా చిక్కుంది. అమెరికా, ఇంగ్లండు సైజుల్లో 40 అంటే మగవాళ్ళకు 40 అంగుళాల ఛాతీ. యూరప్ వాళ్ళు మగవాళ్ళ ఛాతీని సెంటీమీటర్లలో కొలిచి దానిలో సగం వేస్తారు. 40 అంగుళాలంటే సుమారు 102 సెంటీమీటర్లు, సగం 51. వాళ్ళవి సరి సంఖ్యలు కాబట్టి 50 అవుతుంది. అంటే అమెరికా అంకెకు పది కలిపితే యూరప్ అంకె వస్తుందని గుర్తు పెట్టుకోండి. ఆడపిల్లల సైజులకు ఈ లెక్క పనికిరాదు. వాటికి తయారుచేసినవాళ్ళు ఇచ్చే కొలతల పట్టీని చూసుకోవలసిందే.

సైజు తెలిసింది గదా అని కొనెయ్యకండి. తొడిగి చూడాలి. ఎలా? అద్దం ముందు నిలబడి కాదు, బండి మీద కూర్చుని. ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తు పెట్టుకుంటే ఇదే పెట్టుకోండి. బండి మీద కూర్చున్న మనిషి ముందుకు వంగుతాడు, చేతులు చాస్తాడు. అప్పుడు వీపు సాగుతుంది, చేతులు పొడవవుతాయి, ముందు భాగం ముడుచుకుంటుంది. 1928లో న్యూయార్కులో ఇర్వింగ్ షాట్ అనే ఆయన జిప్పు ఉన్న మోటారు సైకిలు జాకెట్టు కుట్టినప్పుడు జిప్పును ఏటవాలుగా పెట్టింది ఫ్యాషను కోసం కాదు. వంగి కూర్చుంటే నిలువు జిప్పు ఎత్తి పొట్టకు గుచ్చుకుంటుంది, ఏటవాలు జిప్పయితే గుచ్చుకోదు. అంటే ఈ జాకెట్టు పుట్టిందే కూర్చున్న మనిషి కొలతకు. నిలబడ్డప్పుడు చేతులు కాస్త పొడవుగా, భుజాల దగ్గర కాస్త బిగువుగా అనిపిస్తే అది తప్పు కాదు.

అబ్బాయిని బండి ఎక్కించి, స్టాండు వేసి ఉంచి, జిప్పు పూర్తిగా వేసి హ్యాండిలు పట్టుకోమనండి. ఇప్పుడు మీరు చుట్టూ తిరిగి చూడండి. జాకెట్టు చేతులు మణికట్టు దాకా ఉన్నాయా? చేతి తొడుగులు వేసుకుంటే మధ్యలో చర్మం కనపడకూడదు. వెనక నడుము బెల్టు కప్పబడిందా? కాలరు బిగిస్తే రెండు వేళ్ళు దూరాలి, మెడ రెండు పక్కలా తిరగాలి. పక్కనుంచి లారీ వస్తే తిరిగి చూడలేని జాకెట్టు ఎందుకూ? గట్టిగా ఊపిరి పీల్చమనండి. తనను తాను కౌగిలించుకోమనండి. వీపు మీద పట్టేసి, చంకల్లో కోసుకుంటుంటే అది చిన్నది.

ఆ తర్వాత అసలు పరీక్ష. మోచేతి మెత్తను బయటినుంచి మీ చేత్తో పట్టుకుని పక్కకు తిప్పండి. అది మోచేతి ముడుకు మీద నుంచి కదిలిపోతే ఆ జాకెట్టు వద్దు. మణికట్టు దగ్గర అంచు పట్టుకుని భుజంవైపు నెట్టండి. సులువుగా మోచెయ్యి దాటి పైకి పోతే అదీ వద్దు. మా అక్క కొడుక్కి ఈ రెండు పరీక్షలు ఇంటి వాకిట్లోనే చేసి ఉంటే సరిపోయేది. భుజం మెత్త భుజం గూడ మీద టోపీలా కూర్చోవాలి గాని చేతి మీదికి జారకూడదు. మణికట్టు దగ్గర జిప్పో, పట్టీయో ఉంటే అది వేసి చూడాలి.

"కొత్తదాన్ని కొంచెం బిగువుగానే కొనాలంటారు, నిజమేనా?" అని మీరడగవచ్చు. నిజమే. కొత్త తోలు చెప్పు మొదట్లో కరిచి, తర్వాత కాలికి తగ్గట్టు మెత్తబడుతుందే, అలాగే జాకెట్టు కూడా మోచేతులు, భుజాల దగ్గర కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే తోలు వెడల్పులో కాస్త సాగుతుంది గాని పొడవులో మీకు కలిసిరాదు. పొట్టి చెయ్యి పొట్టి చెయ్యే. చేతివేళ్ళు తిమ్మిరెక్కేటంత బిగువూ పనికిరాదు.

ఇంకో మెలిక. చాలా జాకెట్లలో చలికి వేసుకునే లోపలి పొర ఒకటి విడిగా తీసేసేటట్టు ఉంటుంది. మన గుంటూరు, ఒంగోలు పక్కల దాని అవసరం ఎన్నాళ్ళు? కొనేటప్పుడు దాన్ని తీసేసి తొడిగి చూడండి. దానితో సరిపోయిందని కొంటే, తీసేసిన రోజున జాకెట్టు వదులై మెత్తలు జారిపోతాయి.

రవికె అయితే లోపల కుట్టులో బట్ట వదిలి, కావలసినప్పుడు విప్పి వదులు చేసుకుంటాం. తోలుకు ఆ వీలు లేదు. సూది దిగినచోట బెజ్జం శాశ్వతంగా ఉండిపోతుంది. కుట్టు విప్పితే ఆ బెజ్జాల వరస వెంట బలహీనపడుతుంది. మన వీధి దర్జీ మిషను మందపు తోలును లాగలేదు కూడా. కాబట్టి "తర్వాత సరిచేయించుకుందాం" అనే మాట ఇక్కడ కుదరదు. పోస్టులో తెప్పించుకున్నా, కూర్చుని చూసేదాకా అట్టముక్కలు తెంపకండి. సరిపోకపోతే వెనక్కి పంపండి.

మోసపోకుండా కూడా చూసుకోవాలి. సినిమా హీరో జాకెట్టులా మెరిసే రెగ్జిను ముక్క రాపిడికి ఆగదు. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన జాకెట్టు లోపలి చీటీ మీద ఇఎన్ 17092 అనే అంకె, పక్కన ఏఏఏ, ఏఏ, ఏ వంటి తరగతుల్లో ఒకటి ఉంటాయి. ఏలు ఎక్కువ ఉన్నకొద్దీ గట్టిది. మెత్తల మీద ఇఎన్ 1621 అని, లెవెల్ 1 గాని 2 గాని వేసి ఉంటుంది. రెండు అనేది దెబ్బను ఎక్కువ మింగుతుంది. కొన్నింటిలో వీపు దగ్గర ఉత్త స్పాంజి పెట్టి వదిలేస్తారు. సంచీ జిప్పు తీసి చూడండి.

ఆడపిల్లలకు అన్న జాకెట్టు తొడగకండి. మగవాళ్ళ కోతలో భుజాలు వెడల్పు, ఛాతీ దగ్గర బిగువు, నడుము దగ్గర వదులు. భుజం మెత్త చేతి మీదికి వస్తుంది. ఆడవాళ్ళ కోతతో వేరే వస్తున్నాయి, అవే చూడండి. చున్నీని మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళమనండి.

ఇక ఎండ. రెంటచింతల ఎండలు తెలిసిన వాళ్ళతో మే నెల మిట్టమధ్యాహ్నం తోలు జాకెట్టు వేసుకోమని ఎలా చెప్పను? వడగాడ్పుల్లో అది వేసుకుంటే వేరే ప్రమాదం. దానికి ఉపాయముంది. గట్టి నైలాను, పాలియెస్టరు నూలుతో జల్లెడలా నేసిన జాకెట్లు వస్తున్నాయి. లోపల అవే మెత్తలు ఉంటాయి, గాలీ దూరుతుంది. రాపిడికి సాధారణంగా తోలంత ఆగవు, నిజమే. కాని బీరువాలో వేలాడే తోలు జాకెట్టుకంటే వొంటిమీద ఉన్న జల్లెడ జాకెట్టు మేలు. కొలత సూత్రాలన్నీ దానికీ ఇవే. దానికీ చీటీ చూడాలి, దానికీ బండి మీద కూర్చోవాలి.

ఒక్కమాట మరచిపోకండి. ఎంత మంచి జాకెట్టైనా హెల్మెట్టు తర్వాతే. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను అడిగేది హెల్మెట్టునే, వెనక కూర్చున్న వాళ్ళకు కూడా. చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు కొనండి.

మా అక్క కొడుకు చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది. మచ్చ మాత్రం పోలేదు. కిందటి చలికాలంలో కొత్త జాకెట్టు కొన్నారు. మా అక్క రవికె టేపు మెడలో వేసుకుని, వాకిట్లో వాణ్ణి బండి ఎక్కించి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. "ఇంకెంతసేపమ్మా, వీధిలో వాళ్ళు నవ్వుతున్నారు" అన్నాడు వాడు. "నవ్వనీరా, చెయ్యి ఇటు తిప్పు" అంది. మోచేతి మెత్తను పట్టుకుని మెలితిప్పింది. కదల్లేదు. అప్పుడు గాని టేపు తీసి చుట్టపెట్టలేదు.

మీ ఇంట్లో ఇప్పటికే జాకెట్టు ఉంటే, ఈ సాయంత్రం పిల్లవాడు బండి దిగకముందే ఒకసారి ఆ మెత్తను తిప్పి చూడండి. సెలవు.