చేపల మేతలో మొక్కల ప్రత్యామ్నాయాలు: మాంసకృత్తుల శాతం ఒక్కటే కొలమానమా?

కొల్లేరు పరిసరాల చెరువులలో కట్ల (బొచ్చె), రోహు (శీలావతి) పెంచే రైతుకు సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే అవుతుంది. నూనె తీసిన తవుడుకు వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, రంధ్రాలు చేసిన సంచులలో నింపి నీటిలో వేలాడదీయడం అక్కడి వాడుక. అంటే మొక్కల నుండి లభించే మేత మన కార్పు సాగుకు కొత్త కాదు. ఒక పదార్థం ధర పెరిగినప్పుడు దాని స్థానంలో దేనిని వాడాలన్నదే రైతు ముందున్న సమస్య. అప్పుడు అతడు అడిగే మొదటి ప్రశ్న "ఇందులో ప్రోటీను ఎంత?" అని. శాతం చెప్పి ఊరుకుంటే మనం ఇచ్చింది సగం సమాధానమే.

లెక్క సరిపోయినా లోటు మిగలవచ్చు

నూనె తీసిన తవుడులో సుమారు 15 శాతం, సోయా చెక్కలో సుమారు 45 శాతం మాంసకృత్తులు ఉంటాయి. రెండు పాళ్ల తవుడుకు ఒక పాలు సోయా చెక్క కలిపితే మిశ్రమంలో 25 శాతం వస్తుంది. సోయా బదులు వేరుశనగ చెక్క వాడినా దాదాపు ఇదే అంకె వస్తుంది. కాని చేపకు కావలసింది అమైనో ఆమ్లాలు. కార్పు మేతలోని మాంసకృత్తులలో లైసిన్ 5.5 నుండి 6 శాతం వరకు ఉండాలి. సోయా మాంసకృత్తులలో అది 6 శాతానికి పైగా ఉండగా, వేరుశనగలో సుమారు 3.5 శాతమే. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సోయాలో మెథియోనిన్ తక్కువ. కాబట్టి ఒకే చెక్కపై ఆధారపడక, ఒకదాని లోటును మరొకటి పూరించేలా కలపడం మేలు.

పోషక వ్యతిరేక పదార్థాలు

పచ్చి సోయా గింజలోని ట్రిప్సిన్ నిరోధకాలు తగినంత వేడి చేస్తే నశిస్తాయి. పత్తి చెక్కలోని గాసిపాల్, సుబాబుల్ ఆకులోని మైమోసిన్ మోతాదు మించితే చేప పెరుగుదలను తగ్గిస్తాయి. తేమ తగిలిన వేరుశనగ చెక్కలో బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ ఏర్పడుతుంది. చౌకగా వస్తుందని బూజు పట్టిన చెక్కను కొనడం నష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

ఫాస్ఫరస్ ఎక్కడికి పోతుంది?

సస్య శాస్త్రవేత్తగా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అంశమిది. గింజలలోని ఫాస్ఫరస్‌లో మూడింట రెండు వంతుల వరకు ఫైటేటు రూపంలో ఉంటుంది. తవుడులో ఇంకా ఎక్కువ. కార్పు చేపలకు జీర్ణాశయం లేదు, ఆమ్ల జీర్ణక్రియ జరగదు. అందువల్ల ఈ ఫాస్ఫరస్‌లో అధిక భాగం వంటబట్టకుండా మలంతో నీటిలో చేరుతుంది. చేపకు కొరత, చెరువుకు మితిమీరిన ఎరువు! నాచు విపరీతంగా పెరిగి, తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి చేపలు నీటిపైకి తేలి నోరు తెరుస్తాయి. మేతను ముందుగా ఫైటేజ్ ఎంజైముతో శుద్ధి చేస్తే ఈ ఫాస్ఫరస్ కొంత చేపకు అందుతుంది. చెరువులో ఎరువులు వేసే ముందు, మేత ద్వారా చేరే ఫాస్ఫరస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అజొల్లా: ఆశ, వాస్తవం

అజొల్లా పొడి పదార్థంలో సుమారు 25 శాతం మాంసకృత్తులు ఉంటాయన్నది నిజమే. అయితే తాజా అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. 100 కిలోల తాజా అజొల్లాలో పొడి పదార్థం సుమారు 6 కిలోలు, మాంసకృత్తులు కిలోన్నర మాత్రమే. అంతే బరువున్న వేరుశనగ చెక్కలో 40 కిలోలకు పైగా ఉంటాయి. గడ్డిచేపకు, చిన్న చెరువులకు అజొల్లా మంచి అనుబంధ మేత. వాణిజ్య చెరువులో చెక్కకు పూర్తి బదులు కాలేదు.

రైతుకు ఏమి చెప్పాలి?

కొత్త పదార్థాన్ని సిఫారసు చేసే ముందు నాలుగు విషయాలు చూడాలి: కిలో మాంసకృత్తుల ధర, లైసిన్–మెథియోనిన్ సమతుల్యత, హానికర పదార్థాలు, నీటిపై ప్రభావం. తరువాత ఒక చెరువులో కొద్ది భాగం మార్చి, నెలనెలా చేపల బరువు తూచి, ఫలితం చూశాకే మిగిలిన చెరువులకు విస్తరింపజేయాలి. బస్తా ధరలో మిగిలిన డబ్బు పట్టుబడి నాటికి చేప బరువులో పోకూడదు.