నల్లరేగడిలో ఇల్లు: మేస్త్రిని పిలిచే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఇల్లు కట్టాలనుకున్న ప్రతివారూ మేస్త్రిని ముందుగా అడిగేది "అడుగుకు ఎంత పడుతుంది?" అనే. నంద్యాల జిల్లా గోస్పాడు చుట్టుపక్కల దానికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది: "ఎంత లోతుకు పోవాలి?" ఒకవైపు కుందూ నది, మరోవైపు కేసీ కాలువ నీళ్లు, కాలి కింద నల్లరేగడి. వరి, పత్తి పండించి ఊళ్లను నిలబెట్టిన ఈ నేల ఇంటి గోడల విషయంలో మాత్రం అంత దయగా ఉండదు. అడుగుకింత అని మాట్లాడుకున్న రేటులో గోడలు, స్లాబు, రంగులు అన్నీ వస్తాయి. నేల ఖర్చు మాత్రం చాలాసార్లు రాదు. సగంలో డబ్బు అయిపోవడానికి, కట్టిన రెండు మూడేళ్లకే గోడ పగలడానికి మూలం అక్కడే ఉంది.

అర్థం కావడానికి 800 చదరపు అడుగుల ఒక్క అంతస్తు ఇల్లు తీసుకుందాం. లెక్కలన్నీ దాని మీదే వేద్దాం.

స్థలం: 145 గజాలు

సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. 2020 డిసెంబరు 25న మొదలైన 'నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు' పథకంలో పల్లెల్లో ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు ఇచ్చారు. ఒకటిన్నర సెంటంటే 72.6 గజాలు. ఇంటికి ఇచ్చిన సాయం రూ.1.80 లక్షలు, ఇంటి కొలత 340 చదరపు అడుగులు. భాగిస్తే అడుగుకు రూ.529. పొదుపు సంఘాల మహిళలకు పావలా వడ్డీకి ఇచ్చిన రూ.35 వేల రుణం కలిపినా రూ.632 దాటదు. ఆ డబ్బుతో బేస్‌మెంటు లేచి ఆగిపోయిన ఇళ్లు ఎన్నో. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇలా ఆగిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజనులకు రూ.లక్ష.

ఇప్పుడు కొత్తగా పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ నిర్ణయం. మూడు సెంట్లంటే 145.2 గజాలు. మన 800 అడుగుల ఇల్లు, చుట్టూ నడవడానికి కాస్త జాగా అందులో సరిపోతాయి. పట్టణాల్లో పీఎం ఆవాస్ యోజన రెండో విడత కింద కేంద్రం రూ.1.50 లక్షలు, రాష్ట్రం రూ.లక్ష, మొత్తం రూ.2.50 లక్షలు వస్తాయి. ఎక్కడైనా సరే, ప్రభుత్వ సాయాన్ని ఇంటి ఖర్చులో ఒక భాగంగానే చూడాలి. మొత్తం ఇల్లు దాంతోనే లేస్తుందని ముగ్గు పోస్తే బేస్‌మెంటు దగ్గరే ఆగుతుంది.

సొంతంగా స్థలం కొనేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. రూ.5 లక్షల విలువకు రూ.37,500. ఊరి మధ్య గ్రామకంఠం స్థలమైతే ముత్తాతల నుంచి ఉంటున్నా చేతిలో పత్రం ఉండకపోవచ్చు. బ్యాంకుకు పత్రమే ముఖ్యం. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన 'స్వామిత్వ' పథకం ఇలాంటి నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడానికే. పంచాయతీ అనుమతి, స్థలం పత్రం రెండూ చేతికొచ్చాకే పునాది తవ్వాలి.

నేల: 50 శాతం

ఏప్రిల్‌లో కోత అయిపోయిన నల్లరేగడి చేలోకి వెళ్తే నెర్రెల్లో చెయ్యి మణికట్టు దాకా దూరుతుంది. వానలు పడి, కాలువ వదిలాక ఆ నెర్రెలు కనిపించకుండా పూడుకుపోతాయి. నీళ్లు తాగి నేల ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇదంతా ఏటా జరిగేదే. ఇంటి మధ్యలో ఉన్న నేలకు ఎండ, వాన తగలవు కాబట్టి అది కదలదు. గోడల అంచున ఉన్న నేల కదులుతుంది. ఒకే ఇంటి కింద ఒకచోట నేల లేచి ఇంకోచోట దిగితే కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలు పగులు పుడుతుంది. ఎండాకాలం అది వెడల్పవుతుంది, వానాకాలం సన్నబడుతుంది. సిమెంటు పూసి కప్పినా మరుసటేడు అక్కడే మళ్లీ తెరుచుకుంటుంది.

నేల ఎంత ఉబ్బుతుందో చెప్పే పరీక్ష చాలా సులువు. ఎండబెట్టి మెత్తగా జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఉదాహరణకు కిరోసిన్‌లో పది మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో పదిహేడు దగ్గర నిలిస్తే ఉబ్బు 70 శాతం. 50 శాతం దాటితే మామూలు పునాది పనికిరాదని అర్థం. పునాది ఎంత లోతుకు పోతుందో ఆ లోతు నుంచే మట్టి తీయాలి. పైపై మట్టితో పరీక్ష చేయిస్తే ఉపయోగం లేదు. సివిల్ ల్యాబు ఉన్నచోట నేల ఎంత బరువు మోస్తుందో కూడా ఒకేసారి చూపించుకోవచ్చు. చిన్న ఇంటికి స్థలం మధ్యలో ఒక గుంత తవ్వి చూసినా చాలావరకు తేలిపోతుంది.

పునాది: 3.5 మీటర్లు

నల్లరేగడిలో తేమ మారేది పైనున్న మూడు మూడున్నర మీటర్లలోనే. ఆ కిందికి వెళ్తే నేల ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని ఆధారం చేసుకునే అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. బోరు వేసినట్టు సన్నగా 3.5 మీటర్లు తవ్వి, అడుగున గుంతను ఉబ్బెత్తుగా వెడల్పు చేస్తారు. పైలు వెడల్పు 30 సెంటీమీటర్లయితే ఆ ఉబ్బెత్తు దానికి రెండున్నర రెట్లు, అంటే 75 సెంటీమీటర్లు. కమ్మీలు దింపి కాంక్రీటు పోశాక పై నేల లాగినా, తోసినా ఆ ఉబ్బెత్తు కింద పట్టి ఉంచుతుంది. పైళ్ల మీద ప్లింత్ బీము వేసేటప్పుడు బీము అడుగుకూ నేలకూ మధ్య మూడు అంగుళాల ఖాళీ వదలాలి. వదలకపోతే ఉబ్బిన నేల బీమునే పైకి నెడుతుంది.

రేగడి లోతు తక్కువైతే అంత ఖర్చు అక్కర్లేదు. దాన్ని తవ్వేసి కిందున్న గట్టి గరుసు మీద ఫుటింగ్ వేయవచ్చు. ఏ పద్ధతైనా ఇంజనీరు గీసి ఇవ్వాలి. "పక్కింటికి ఐదడుగులు తవ్వినాము, దీనికీ అంతే" అంటే ఒప్పుకోకూడదు. పక్కింటి కింద ఉన్నది మీ స్థలం కింద ఉండాలని లేదు.

తవ్వి తీసిన నల్లమట్టితోనే బేస్‌మెంటు నింపడం ఇక్కడ తరచూ చూసే పొరపాటు. ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది. తర్వాత అదే మట్టి ఇంటి లోపల ఉబ్బి బండలను లేపుతుంది. గరుసు తెప్పించి ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. ఎత్తు విషయానికొస్తే, 2019 సెప్టెంబరులో కుందూ పొంగినప్పుడు మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, ఆ గుర్తుకు అడుగున్నర పైన బేస్‌మెంటు ఉండేలా చూసుకోవాలి.

వాన నీళ్లు: 50,000 లీటర్లు

ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. 800 చదరపు అడుగుల స్లాబు మీద ఏడాదికి పడే నీళ్లు దాదాపు 50 వేల లీటర్లు. ఈ నీళ్లు నాలుగు గొట్టాల్లోంచి నేరుగా గోడ మొదట్లో పడితే 3.5 మీటర్ల పునాదికి పెట్టిన ఖర్చులో సగం వృథానే. ఇంటి చుట్టూ అయిదారు అడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలో కాంక్రీటో పరిచి, గొట్టాలను కాలువలోకి కలపాలి. గోడ పక్కన బట్టలు ఉతికే బండ, కుళాయి గుంట ఉండకూడదు. మరుగుదొడ్డి ఇంకుడు గుంత రేగడిలో సరిగా ఇంకదు. దాన్ని ఇంటికి వీలైనంత దూరంగా, తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో పెట్టాలి. వేప, రావి లాంటి చెట్లను వాటి ఎత్తుకు తగ్గని దూరంలో నాటుకోవాలి. పెద్ద చెట్టు వేళ్లు ఎండాకాలం గోడ కింది తేమనంతా లాగేస్తాయి.

సామాన్లు: 340 బస్తాలు, 3 టన్నులు

800 అడుగుల ఇంటికి సుమారుగా 320 నుంచి 360 బస్తాల సిమెంటు, 2.8 నుంచి 3.2 టన్నుల కమ్మీ పడుతుంది. లోతు పునాది వేస్తే ఇంకొంత పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను లేకుండా బస్తా రూ.250 అనుకుంటే బస్తాకు రూ.25 చొప్పున 340 బస్తాలకు రూ.8,500 మిగలాలి. సిమెంటు ఒకేసారి దించుకోవద్దు. మూడు నెలలు నిల్వ ఉంటే అయిదో వంతు బలం పోతుంది.

కమ్మీని కాటా మీద, తర్వాత మళ్లీ లెక్కతో సరిచూసుకోవచ్చు. కమ్మీ మందాన్ని మిల్లీమీటర్లలో దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.89 కిలోలు, 12 మీటర్ల పొడవుకు దాదాపు 10.7 కిలోలు ఉండాలి. దానిలో అయిదు శాతం కన్నా తక్కువ తూగితే వెనక్కి పంపించండి. ఇసుక 2024 జులై 8 నుంచి రాష్ట్రంలో ఉచితమే అయినా లోడింగు, రవాణా ఖర్చులు మనవే. తడి ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బి కనిపిస్తుంది, కాబట్టి ట్రక్కు కొలతను పొడి ఇసుక లెక్కన చూసుకోవాలి.

నంద్యాల జిల్లాకు ఉన్న మేలు ఏమిటంటే బేతంచెర్ల బండలు చేరువలోనే దొరుకుతాయి. నేల మీద పరుచుకుంటే ఎండకు చల్లగా ఉంటాయి, తరాలు మన్నుతాయి.

స్లాబు: 25 లీటర్లు

అయిదంగుళాల మందం స్లాబుకు 9.4 ఘనపు మీటర్ల కాంక్రీటు, దాదాపు 75 బస్తాల సిమెంటు కావాలి. తడిగా ఉన్నప్పుడు దాని బరువు 23 టన్నుల పైమాటే. అంత బరువు సెంట్రింగు కట్టెల మీద నిలబడుతుంది, కాబట్టి పోసే ముందు రోజే కట్టెలన్నీ తట్టి చూడాలి.

స్లాబు రోజు చూడాల్సింది మిల్లరు దగ్గర బక్కెట్టును. బస్తా సిమెంటుకు ఇసుకలోని తడితో కలిపి 25 లీటర్ల నీళ్లు చాలు. పోయడానికి సులువుగా జారుతుందని పనివాళ్లు ఇంకో పది లీటర్లు కుమ్మరిస్తే కాంక్రీటు బలంలో మూడో వంతు పోతుంది. వాళ్లను కోప్పడితే లాభం లేదు. కొలత గీసిన బక్కెట్టు పెట్టి, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ తెప్పించండి. వైబ్రేటర్ ఉంటే గట్టి కాంక్రీటు కూడా మూలమూలకూ చేరుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించాలి. కమ్మీ ఉన్న కాంక్రీటుకు లీటరు నీళ్లలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదు.

తర్వాత నీళ్లు పట్టడం. మడి కట్టి ఒకటిన్నర అంగుళాల నీళ్లు నింపితే ఒకసారికి సుమారు 2,800 లీటర్లు. ఇప్పుడు దొరికే సిమెంటులో ఎక్కువ భాగం బూడిద కలిసిన రకమే కాబట్టి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. నంద్యాల ఎండలో మధ్యాహ్నానికే మడి ఆరిపోతుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు నింపే మనిషి ఎవరో స్లాబుకు ముందే తేల్చుకోవాలి. 4.5 మీటర్లు దాటిన గదుల కింద కట్టెలు 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు కదపకూడదు. సెంట్రింగు అద్దె మిగులుతుందని తొందరపడితే స్లాబు కుంగుతుంది.

డబ్బు: 2 రూపాయల వడ్డీ

అడుగుకు రూ.1,800 అనుకుంటే మన ఇంటికి రూ.14.40 లక్షలు. అందులో పదో వంతు, రూ.1.44 లక్షలు, అనుకోని ఖర్చులకు విడిగా ఉంచాలి. రూ.30 లక్షల లోపు గృహరుణంలో బ్యాంకు ఇల్లు విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. కానీ బ్యాంకు పని జరిగిన మేరకు విడతలుగా ఇస్తుంది. నల్లరేగడిలో అసలు ఖర్చంతా మొదట్లోనే, మట్టి కిందే వస్తుంది. బ్యాంకు డబ్బు నిండుగా రాకముందే సొంత డబ్బు అయిపోతుంది. అప్పుడే జనం వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు.

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రూ.2 లక్షలకు నెలకు రూ.4,000 వడ్డీ. మూడేళ్లలో రూ.1.44 లక్షలు కట్టినా అసలు రెండు లక్షలూ అలాగే ఉంటాయి. అదే రెండు లక్షలకు 8.5 శాతం వడ్డీతో మూడేళ్ల వాయిదా నెలకు సుమారు రూ.6,314. మూడేళ్లకు అప్పే తీరిపోతుంది, మొత్తం కట్టింది రూ.2.27 లక్షలు. కాబట్టి ముందుగా పునాదికి కావాల్సిన డబ్బంతా చేతిలో ఉంచుకుని, మిగతాదానికే బ్యాంకు మీద ఆధారపడాలి. రూ.10 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు వాయిదా రూ.8,678, 15 ఏళ్లకు రూ.9,847. నెలకు రూ.1,169 ఎక్కువ కట్టగలిగితే మొత్తంమీద మూడు లక్షలకు పైగా మిగులుతుంది.

నెలలు: ఏ పని ఎప్పుడు

పునాది తవ్వకం జనవరి, ఫిబ్రవరిలో మొదలుపెట్టి జూన్ వానలకు ముందే బేస్‌మెంటు నింపేయడం మంచిది. వాన నీళ్లు నిలిచిన గుంతలో కాంక్రీటు పోయకూడదు. వరి కోతలప్పుడు కూలీలు దొరకరు. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ ముందు రోజుల్లో ఊరంతా ఒకేసారి పనులు మొదలుపెట్టి, బేల్దారులు ఇంటింటికీ తిరుగుతుంటారు. ముహూర్తం ఎలాగూ చూస్తాం. దాన్ని ఈ పంట క్యాలెండరుతో కలిపి చూసుకుంటే పని ఆగదు.

డబ్బు చాలకపోతే దేన్ని తర్వాత పెట్టుకోవాలో ముందే రాసుకోండి. గేటు, ముందువైపు అలంకారం, పెద్ద టైల్సు, మేడ మెట్ల రెయిలింగు, పైన గది: ఇవన్నీ రెండేళ్ల తర్వాత చేసినా ఇంటికి నష్టం లేదు. పునాది లోతు, కమ్మీ, నీళ్లు పట్టడం, చుట్టూ వాలు బండ: వీటిని తర్వాత సరిచేయడం కుదరదు, కుదిరినా కొత్తగా కట్టినంత ఖర్చవుతుంది. గృహప్రవేశం నాటికి గోడలకు ఉత్త సున్నమే ఉన్నా పర్వాలేదు. పునాది కింది లెక్కలో మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గించుకోకండి.