మెగాపిక్సెల్స్ ఒకటే, మరి కన్ను పెట్టే చోట ఎంత తేడా? నాలుగు డీఎస్ఎల్ఆర్‌ల వ్యూఫైండర్లు, ఒక బడ్జెట్

"అన్నాయ్, అన్నిట్లోనూ 24 మెగాపిక్సెల్సే కదా, మరి ఒకదానికి అంత ఎక్కువ ఎందుకు పెట్టాలి?" రేపల్లెలో పెళ్లి ఫొటోలు మొదలుపెడదామనుకుంటున్న మా బాబాయి కొడుకు అడిగిన ప్రశ్న ఇది. వాడి దగ్గరున్న డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో ఒక్క బాడీయే వస్తుంది. ఈ ముహూర్తాల సీజన్ అంతా దాంతోనే సంపాదించుకోవాలి. లిస్టులో నాలుగున్నాయి: కెనాన్ 1500డి, నికాన్ డి3500, నికాన్ డి7200, నికాన్ డి750.

ప్రశ్న న్యాయమైనదే. మొదటి మూడింటితో పగటి వెలుతురులో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టం. కానీ రోజంతా కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో మాత్రం తేడా ఉంది.

లోపల ఏముంది?

లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి, పైనున్న ఫోకసింగ్ స్క్రీన్‌కి వెళ్తుంది. అక్కడ బొమ్మ కుడి ఎడమలు తారుమారు కాకుండా సరిచేసి కంటికి పంపే పని కెమెరా నెత్తిమీదున్న గూడుది. 1500డి, డి3500లో ఆ గూట్లో చిన్న చిన్న అద్దాలుంటాయి. దీన్నే పెంటామిర్రర్ అంటారు. చవక, తేలిక. కాకపోతే అద్దం అద్దానికీ కొంత వెలుగు పోతుంది. డి7200, డి750లో ఒకే గాజు దిమ్మ ఉంటుంది, అది పెంటాప్రిజం. బొమ్మ ఇంకా వెలుతురుగా, స్పష్టంగా కనిపిస్తుంది. బరువు కూడా పెరుగుతుంది. బ్యాటరీ, కార్డుతో కలిపి డి3500 415 గ్రాములు, డి7200 765 గ్రాములు. బరువంతా ప్రిజం వల్లే కాదు గానీ, అదీ ఒక కారణం.

స్పెక్ షీట్‌ని ఎలా చదవాలి?

మ్యాగ్నిఫికేషన్ కాలమ్‌లో 1500డికి 0.80, డి3500కి 0.85, డి7200కి 0.94, డి750కి 0.70 అని ఉంటుంది. డి750 అన్నిటికంటే చిన్నదనిపిస్తుంది కదా? కాదు. ఆ అంకె 50 ఎంఎం లెన్స్‌తో కొలిచింది. సెన్సర్ సైజు లెక్కలోకి రావాలంటే క్రాప్ ఫ్యాక్టర్‌తో భాగించాలి: కెనాన్‌కి 1.6, చిన్న సెన్సర్ నికాన్‌లకి 1.5, ఫుల్ ఫ్రేమ్ డి750కి 1. అప్పుడు అసలు లెక్క ఇలా వస్తుంది:

- 1500డి: 0.50
- డి3500: 0.57
- డి7200: 0.63
- డి750: 0.70

అంటే 1500డిలో కంటే డి7200లో బొమ్మ వైశాల్యంలో ఒకటిన్నర రెట్లు పెద్దది. డి750లో దాదాపు రెండింతలు.

రెండో అంకె కవరేజ్. 1500డి, డి3500లో 95 శాతం, మిగతా రెండిట్లో 100 శాతం. 5 శాతమేగా అనుకోకండి. అడ్డంగా 95, నిలువుగా 95 అంటే వైశాల్యంలో 90 శాతమే. 24 మెగాపిక్సెల్స్‌లో రెండుకి పైగా మీరు చూడకుండానే ఫొటోలోకి వచ్చేస్తాయి.

కళ్లజోడు ఉన్నవాళ్లు (నాలాంటి కోడింగ్ బ్యాచ్) ఐపాయింట్ కూడా చూడాలి. కన్ను ఎంత దూరంగా ఉన్నా ఫ్రేమ్ మొత్తం కనపడుతుందో చెప్పే అంకె అది. 1500డి, డి750లో 21 ఎంఎం, డి7200లో 19.5, డి3500లో 18. నా అద్దాలతో డి3500లో మూలలు చూడాలంటే కన్ను కాస్త అటూ ఇటూ జరపాల్సిందే.

మూడు చోట్ల, మూడు వెలుతుర్లు

ఫ్రెండ్స్ దగ్గర బాడీలు తీసుకుని మూడు రకాల వెలుతురులో చూశాను. బాపట్ల పక్కన సూర్యలంక బీచ్‌లో మిట్టమధ్యాహ్నం ఫోన్ స్క్రీన్ కూడా సరిగ్గా కనపడదు. అక్కడ ఏ వ్యూఫైండరైనా దేవుడే. ప్రిజమా, మిర్రరా అన్న తేడా పెద్దగా తెలియలేదు. 95 శాతం కవరేజ్ వల్ల ఎవరిదో చెప్పు ఫ్రేమ్ అంచులోకి వచ్చింది, అది తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.

తెనాలిలో కల్యాణ మండపం వేరే కథ. స్టేజీ మీద లైట్లు, కింద చీకటి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఎవరి కళ్లు తెరిచి ఉన్నాయో, ఫోకస్ పాయింట్ ఎవరి ముఖం మీదుందో క్షణంలో తెలియాలి. కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6కి వెళ్తుంది. అప్పుడు పెంటామిర్రర్‌లో ముఖాలు చిన్నగా, మసగ్గా ఉన్నాయి. డి7200లో ఆ ఇబ్బంది బాగా తగ్గింది. పైగా ఫోకస్ పాయింట్లు డి3500లో 11 అయితే, ఇందులో 51.

రేపల్లె దగ్గర నిజాంపట్నం హార్బర్‌లో తెల్లవారుజామున ఇంకో విషయం తేలింది. 1500డికి 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలిస్తే, కిట్ లెన్స్‌తో ఉన్న డి7200 కంటే వ్యూఫైండర్ వెలుతురుగా అనిపించింది. వ్యూఫైండర్ వెలుగు లెన్స్ మీదా ఆధారపడుతుంది మరి. ఒక చిన్న మెలిక: ఇప్పటి ఫోకసింగ్ స్క్రీన్లు దాదాపు ఎఫ్/2.8 వరకే వెలుగు చూపిస్తాయి. అయినా ఎఫ్/5.6 కంటే అది నాలుగు రెట్లు.

మిర్రర్‌లెస్ కొనొచ్చుగా?

కొనొచ్చు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ చీకట్లో బొమ్మని వెలుతురు చేసి చూపిస్తుంది, ఎక్స్‌పోజర్ ముందే తెలుస్తుంది. కానీ అది బ్యాటరీ తినేస్తుంది. కంపెనీ లెక్కలో డి7200 ఒక ఛార్జికి 1110 షాట్లు, నికాన్ జెడ్50 300 చుట్టుపక్కల. తెల్లవారుజాము ముహూర్తానికి ఇది చిన్న విషయం కాదు.

నా తీర్పు

సరదాకి తీసేవాళ్లు, చేతిలో 1500డి గానీ డి3500 గానీ ఉంటే బాడీ మార్చకండి. ముందు ఎఫ్/1.8 లెన్స్ ఒకటి కొనండి. డి3500కి ఏఎఫ్-ఎస్ రకమే తీసుకోండి, బాడీలో ఫోకస్ మోటార్ లేదు.

పెళ్లిళ్లు చేసి డబ్బు సంపాదించాలంటే డి7200. బాడీలో మోటార్ ఉంది కాబట్టి పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ కూడా ఆటోఫోకస్ అవుతుంది. అలా మిగిలిన డబ్బు ఫ్లాష్‌కి వస్తుంది. మా తమ్ముడికి చెప్పింది ఇదే. డి750 వ్యూఫైండర్ నాలుగిట్లో రాజా, చీకట్లో ఫొటో కూడా దానిదే మేలు. కానీ చిన్న సెన్సర్ లెన్సులు పెడితే కెమెరా ఫ్రేమ్ మధ్య భాగమే వాడుకుంటుంది, ఆ పెద్ద కిటికీకి పెట్టిన డబ్బు వృథా. ఫుల్ ఫ్రేమ్ లెన్సులకి బడ్జెట్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కొనేముందు షాపులోనే ఇవి చూడండి. ఐపీస్ పక్కనున్న డయాప్టర్ చక్రం తిప్పి లోపలి అంకెలు స్పష్టంగా కనపడేలా పెట్టుకోండి, అది సెట్ చేయకుండా వ్యూఫైండర్ బాలేదనొద్దు. లోపల నల్ల చుక్కలుంటే చాలాసార్లు దుమ్మే, ఫొటోలో రాదు. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. సముద్రం దగ్గరి తేమలో అది తొందరగా పడుతుంది. కొన్నాక కెమెరాని గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి.