ఈఎఫ్ అంటే మార్కులు కాదు



ఇంట్లో తాతయ్యకో నానమ్మకో గుండెపోటు వచ్చి, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక అందరి కళ్లూ ఎకో రిపోర్టులోని ఒక అంకె మీదే ఉంటాయి. అదే ఈఎఫ్, అంటే ఇజెక్షన్ ఫ్రాక్షన్. 45 అని కనిపించగానే 'గుండె సగం కూడా పనిచేయడం లేదు' అని ఇల్లంతా బెంగపడుతుంది.

అది వందకు వేసిన మార్కులు కాదు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత శాతం ఒక్కో స్పందనకు బయటికి వెళ్తోందో చెప్పే లెక్క. ఆరోగ్యవంతుల్లోనూ సాధారణంగా 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. వంద ఎవరికీ రాదు.

మొదటి రిపోర్టే తుది ఫలితం కాదు

రక్తనాళం మూసుకుపోతే గుండె కండరంలో కొంత భాగం చనిపోతుంది. పక్కనున్న కండరం బతికే ఉన్నా మొద్దుబారుతుంది. రక్తం మళ్లీ అందితే ఆ భాగం కొన్ని రోజుల్లోనో వారాల్లోనో కోలుకోవచ్చు. అందుకే డాక్టర్లు కొన్ని వారాలాగి మళ్లీ ఎకో తీయిస్తారు.

గమనిస్తే తెలిసినవి

ఇలాంటి సంగతులు చాలావరకు పరిశీలనాత్మక పరిశోధనల్లో బయటపడతాయి. వాటిలో కొత్త మందు ప్రయోగించరు. మామూలు చికిత్స పొందుతున్నవారికి ఏం జరుగుతోందో ఓపిగ్గా నమోదు చేస్తారు. మన దేశంలో 2001–2005 మధ్య సాగిన 'క్రియేట్' రిజిస్ట్రీ 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో 20,937 మందిని గమనించింది. తీవ్రమైన రకం గుండెపోటు వచ్చినవారిలో సగం మందికి ఆసుపత్రి చేరేసరికే ఆరు గంటలు దాటింది. ఆలస్యమయ్యేకొద్దీ చనిపోయే కండరం పెరుగుతుంది.

ఒక్కరి కథ చాలదు

ఫిల్మ్‌నగర్‌లో అక్కినేని నాగేశ్వరరావుగారి పేరు తెలియనివారుండరు. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. 1981లో 'ప్రేమాభిషేకం' చేశారు, 2014లో విడుదలైన 'మనం' వరకు నటించారు. ధైర్యమిచ్చే జీవితమే. కానీ ఒక్కరికి జరిగింది అందరికీ జరుగుతుందని చెప్పలేం. వేలమందిని గమనించేది అందుకే.

పరిశీలనకూ హద్దుంది. గుండెపోటు తర్వాత నడిచేవాళ్లు బాగా కోలుకున్నారంటే, నడవడం వల్ల కోలుకున్నారా, కోలుకున్నారు కాబట్టి నడవగలిగారా? తేల్చడానికి ప్రయోగాలు కావాలి. అవీ జరిగాయి. వైద్యుల పర్యవేక్షణలో చేసే వ్యాయామం మేలు చేస్తుందనే తేలింది.

మన ఇంట్లో ఏం చేద్దాం?

• ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అని సరిపెట్టుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లలకూ ఈ నంబరు నేర్పండి.
• 'బాగానే ఉన్నాను కదా' అని మందులు సొంతంగా ఆపనివ్వకండి.
• రెండో ఎకో ఎప్పుడో డిశ్చార్జి రోజే అడిగి రాసుకోండి.
• 'తాతయ్యా, కదలొద్దు' అని పిల్లలచేత చెప్పించకండి. డాక్టరు ఎంత నడవమన్నారో తెలుసుకుని, అంతమేరకు తోడుగా నడవమనండి.