అసిల్ కోళ్ల ఫారం: ముందు పెట్టను చూడండి

మన కోస్తా జిల్లాలలోనూ, చిత్తూరు ప్రాంతంలోనూ పేరుమోసిన జాతికోడి అసిల్. పొడుగు కాళ్లు, నిటారైన మెడ, గట్టి కండ, ఒంటికి అంటుకున్నట్లుండే ఈకలు దీని లక్షణాలు. ఎదిగిన పుంజు 4, 5 కిలోలు తూగుతుంది. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని రంగునుబట్టి మనవాళ్లు పేర్లు పెట్టుకున్నారు.

ఒక సంగతి ముందే చెప్పవలసి వున్నది. కోడిని పెంచడం తప్పు కాదు గాని, పందెం వేయడం, బరి నడపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. కనుక ఫారం పెట్టేది విత్తనపు కోళ్లకోసం, మాంసంకోసం. అసిల్ విలువ బరిలోనే వుందనుకోవద్దు. బ్రాయిలరు కోడికి తండ్రి వంశమైన కార్నిష్ జాతిని ఇంగ్లండులో తయారుచేసినప్పుడు కలిపిన రక్తాలలో మన అసిల్‌ది ఒకటి. రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనా సంస్థవారు వనశ్రీ అనే పెరటికోడిని రూపొందించింది కూడా అసిల్ నుంచే.

ఇక అసలు విషయం. కొత్తగా ఫారం పెట్టేవారు వేలకు వేలు పోసి పుంజును కొంటారు. పెట్ట దగ్గరకు వచ్చేసరికి ఏదో ఒకటి లెమ్మంటారు. పిల్లకు సగం రక్తం తల్లిది కాదా? పైగా అసిల్ పెట్ట సాలుకు 30, 40 గుడ్లకు మించి పెట్టదు. ఆరు పెట్టలు 35 చొప్పున పెడితే 210 గుడ్లు. పదింట ఏడు పిగిలినా 147 పిల్లలు. అందులో సగం పెట్టలే. రోగాలకూ, కుక్కలకూ, గద్దలకూ పోగా మిగిలేవెన్నో మీరే లెక్క కట్టుకోండి. ఈ లెక్క చూడకుండా అప్పుచేసి పెద్ద షెడ్డు వేసినవాడికి వడ్డీ కూడా రాదు. ఆరు పెట్టలు, ఒక పుంజు, తాటాకు పాక, చుట్టూ వలకంచె: ఆరంభానికి ఇంతే చాలు.

పెట్టను కొనేముందు దాని తల్లిని, తోడపుట్టిన పుంజులను చూపించమనండి. చూపించనివారి దగ్గర కొనకండి. అన్నాచెల్లెళ్లను జతకట్టించవద్దు. అలా చేస్తూ పోతే గుడ్లు సరిగా పిగలవు, పిల్లలు గిడసబారుతాయి. రెండేళ్లకొకసారి బయటి వంశం పుంజును తెచ్చుకోండి. ఏ పిల్ల ఏ తల్లిదో తెలియడానికి, పుట్టినరోజునే కాలివేళ్ల నడిమి చర్మానికి చిన్న రంధ్రం గుర్తుగా వేసి, నోటుపుస్తకంలో రాసుకోండి. గ్రామాలలో తిరిగే పశువైద్య సహాయకులు రైతుచేత ఈ పుస్తకం పెట్టించగలిగితే సగం పని అయినట్లే.

పొదగడంలో అసిల్ పెట్టకు సాటిలేదు. గుడ్లను సన్నకొన కిందికి వుండేటట్లు చల్లని చోట నిలవచేసి, వారం దాటకుండా పదింటిని పొదుగు వేయండి. ఏడవనాటి రాత్రి టార్చిలైటుకు అడ్డంపెట్టి చూచి, లోపల ఎర్రని నరాలు కనపడని గుడ్లను తీసివేయండి. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి. పిల్లలకు నూకలు, చోళ్లు వేస్తాం, సరే. చెదపురుగులు దొరికితే మరీ మంచిది.

నాలుగో నెలకే పుంజుపిల్లలు ఒకదానినొకటి పొడుచుకుంటాయి. అంతకు ముందే విడదీసి, ఒకదాని కంట ఒకటి పడకుండా నడుమ దడి కట్టాలి. కాలికి తాడు వేసి కట్టేవారు చోటు మారుస్తూ వుండాలి. లేకపోతే ఆ రెట్టలోని పాముల గుడ్లే మళ్లీ కడుపులోకి పోతాయి.

అన్నిటికంటె భయపడవలసింది కొక్కెర తెగులుకు. పచ్చటి పారుడు, మెడ మెలితిరగడం కనపడ్డాక మందు లేదు. వారం లోపల పిల్ల కంట్లోగాని, ముక్కులోగాని ఒక చుక్క లసోటా టీకా, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి టీకా వేయించండి. టీకాను ఐసులో పెట్టి తేవాలి. కలిపిన మందు రెండు గంటలు దాటితే పారబోయాలి. సంతలో కొన్న కోడిని, సంక్రాంతి రోజుల్లో పదిమంది చేతులు మారి వచ్చిన కోడినైతే మరీనూ, మూడు వారాలు మంద దగ్గరకు రానీయకండి. దాని నీళ్లపళ్లెం వేరు. ముందు మందకు మేత వేసి, ఆ తరువాతనే దాని దగ్గరకు వెళ్లండి.