గడియ ఉన్న పిస్టలు

భౌతికశాస్త్రం పుస్తకం ఏది తెరిచినా అందులో ఒక తుపాకి లెక్క ఉంటుంది. ఇంత బరువున్న తూటా ఇంత వేగంతో ముందుకు పోతే, అంత బరువున్న తుపాకి ఎంత వేగంతో వెనక్కి తంతుంది? ద్రవ్యవేగ నిత్యత్వ నియమం రాసి, రెండు వరుసల్లో తేల్చేసి పిల్లలు పక్క లెక్కకి వెళ్లిపోతారు. కోల్‌కతా ఏక్‌బాల్‌పూర్‌లో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే రైల్వేవాళ్ల పిల్లల్లో ఒకమ్మాయి మాత్రం వెళ్లలేదు. "ఆ తన్ను ఊరికే పోవాల్సిందేనా సార్? దానిచేత ఏ పనీ చేయించుకోలేమా?" అని అడిగింది.

చేయించుకోవచ్చు. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో తుపాకులు చేసేవాళ్లంతా దీని మీదే పడ్డారు. వాళ్లు కనిపెట్టిన యంత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మౌజర్ సీ-96. ఈ ఊరి చరిత్రతో దానికి గట్టి లంకె కూడా ఉంది.

ఊరికే పోతున్న ఆ తన్నుతో ఏం చేయించాలన్నది పెద్ద చిక్కు కాదు. ఖాళీ అయిన గుల్లను బయటికి విసరాలి, సుత్తిని వెనక్కి వంచి పెట్టాలి, కొత్త తూటాను గొట్టంలోకి తోయాలి. రివాల్వర్‌లో సుత్తిని వంచడం, కొత్త తూటాను గొట్టం వెనక్కి తేవడం మనిషి వేలి బలంతోనే జరుగుతాయి, గుల్లలను చేత్తో తీసెయ్యాలి. అసలు చిక్కు ఎప్పుడు చేయించాలన్నది. మందు అంటుకోగానే గొట్టంలో పీడనం మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లు దాటిపోతుంది. తూటా ఇంకా గొట్టంలో ఉండగానే వెనక తలుపు తెరుచుకుంటే ఆ వాయువంతా కాల్చేవాడి మొహం మీదికే వస్తుంది. తూటా బయటపడేవరకు తలుపు బిగిసి ఉండాలి, బయటపడగానే తెరుచుకోవాలి. ఈ రెండింటికీ మధ్య దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూ. ఎవరు చూసి చెబుతారు?

జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో మౌజర్ కర్మాగారం ఉండేది. అక్కడ ప్రయోగశాల చూసుకునే ఫిడెల్ ఫీడర్లే, అతని తమ్ముళ్లు ఫ్రీడ్రిష్, యోసెఫ్ కలిసి దీనికి జవాబు కనిపెట్టారు. 1895 మార్చికి నమూనా సిద్ధమైంది. పేటెంటు మాత్రం యజమాని పాల్ మౌజర్ పేర పడింది. ఇలాంటి చోట్ల అన్నదమ్ములకు దక్కేది ఇంతే.

వాళ్ల జవాబు ఇది. పిస్టల్ పైభాగంలో గొట్టం, దాని వెనక పొడుగాటి పెట్టెలాంటి భాగం ఒకే లోహపు ముక్కగా ఉంటాయి. ఆ పెట్టెలో చదరపు బోల్టు ముందుకూ వెనక్కూ జారుతుంది. తూటా వెనక తలుపు అదే. బోల్టు కింద ఒక చిన్న దిమ్మ ఉంటుంది. దాని మీద లేచి ఉన్న రెండు పళ్లు బోల్టు అడుగున ఉన్న గాడుల్లో దూరి ఉంటాయి. గడియ పడ్డ తలుపులాగన్నమాట. ఆ దిమ్మ కిందికి జారిపోకుండా పిస్టల్ చట్రం దాన్ని అడుగునుంచి మోస్తూ ఉంటుంది.

పేలగానే తూటా ముందుకు, గొట్టం, పెట్టె, బోల్టు మూడూ కలిసి వెనక్కి కదులుతాయి. కలిసి కదులుతున్నంతసేపూ తలుపు మూసే ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వచ్చాక దిమ్మ కింద చట్రం అంచు అయిపోయి పల్లం వస్తుంది. దిమ్మ అందులోకి వాలుతుంది, పళ్లు గాడుల్లోంచి ఊడొస్తాయి, గడియ విడిపోతుంది. గొట్టం అక్కడితో ఆగిపోతుంది. బోల్టు మాత్రం అప్పటికే అందుకున్న వేగంతో ఒంటరిగా వెనక్కి పోతూ గుల్లను విసిరేసి, సుత్తిని వంచి, తన కడుపులోనే ఉన్న స్ప్రింగును నొక్కుకుని, ఆ స్ప్రింగే తోయగా తిరిగి ముందుకు వస్తూ కొత్త తూటాను నెట్టుకుంటూ వస్తుంది.

గడియకు సమయం ఎలా తెలిసింది? తెలియనక్కరలేదు, ఆ పని దూరమే చూసుకుంటుంది. తూటా బరువు 5.5 గ్రాములు. కలిసి కదిలే భాగాల బరువు 400 గ్రాములు అనుకుందాం. ద్రవ్యవేగాలు సమానం కాబట్టి కదిలిన దూరాలు బరువులకు విలోమంగా ఉంటాయి. 140 మి.మీ. గొట్టాన్ని తూటా దాటేలోపు ఈ భాగాలు వెనక్కి జరిగేది అందులో 73వ వంతు, అంటే 2 మి.మీ. కూడా కాదు. గడియ విడిపోయే పల్లాన్ని అంతకన్నా కాస్త వెనక తవ్వితే చాలు. మందు కొంచెం ఎక్కువై తూటా వేగంగా పోయినా, తక్కువై మెల్లగా పోయినా ఈ నిష్పత్తి మారదు. గడియారం లేకుండానే సమయం కుదిరిపోయింది. ఆ అమ్మాయికి బోర్డు మీద ఈ లెక్క చేసి చూపించినప్పుడు తరగతిలో మిగతావాళ్లు కూడా పుస్తకాలు మూసి చూశారు.

ఇంకో ముచ్చట ఏమిటంటే లోపలి యంత్రంలో ఒక్క మరమేకు కూడా లేదు. పిడికి రెండు పక్కలా ఉన్న చెక్కలను పట్టి ఉంచేది ఒక్కటే ఉంది, అంతే. మిగతా ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడతాయి. సుత్తిని కొట్టించే స్ప్రింగే గొట్టాన్ని యథాస్థానానికి కూడా తోస్తుంది. పొదుపుగా ఉండే ఇల్లాలి చేతికి యంత్రాల కర్మాగారం అప్పగిస్తే ఇలాగే చేసి ఉండేదేమో.

గడియ గట్టిగా ఉంది కాబట్టి మందు దట్టించవచ్చు. మౌజర్ తూటా సెకనుకు దాదాపు 430 మీటర్ల వేగంతో పోయేది. ఆనాటి బ్రిటిష్ అధికారుల నడుముకు వేలాడిన వెబ్లీ రివాల్వర్ తూటా బరువు దీనికి మూడింతలు, 17 గ్రాములు, కాని వేగం 190 మీటర్లే. ద్రవ్యవేగం చూస్తే వెబ్లీదే పైచేయి, గతిజశక్తి చూస్తే మౌజర్‌ది. చేతిని గట్టిగా తన్నేది వెబ్లీ, గురిని కాపాడేది మౌజర్. గాలి నిరోధం వదిలేసి లెక్క వేస్తే, 100 మీటర్ల దూరం పోయేసరికి మౌజర్ తూటా 26 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, వెబ్లీది 135 పైనే. గురి నేర్చుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. అలాగని మౌజర్‌వాళ్లు పిస్టల్ మీద 1000 మీటర్ల వరకు గురి గీతలు చెక్కడం మాత్రం వట్టి గొప్పలే. గాలి లేకున్నా ఆ దూరానికి తూటా 26 మీటర్లు దిగిపోతుంది. అది పిస్టల్ గురి కాదు, తాటిచెట్టు మీద నుంచి చూడాల్సిన గురి.

ఒక యువ బ్రిటిష్ అధికారి 1896లో బొంబాయి రేవులో పడవ దిగబోతూ గట్టున ఉన్న ఇనుప రింగును పట్టుకుని భుజం కీలు తప్పించుకున్నాడు. కత్తి తిప్పే శక్తి పోయి, లండన్‌లో ఈ మౌజర్ కొనుక్కుని 1898లో సూడాన్‌లోని ఒమ్‌డుర్మన్ యుద్ధానికి వెళ్లాడు. విన్‌స్టన్ చర్చిల్ ఆయనే. మన చరిత్రలో ఆయన చేసింది వేరే కథ కాబట్టి అక్కడ వదిలేస్తాను.

ఇన్ని గొప్పలున్న పిస్టల్‌కు ఉన్న లోటు చూడగానే తెలుస్తుంది. 31 సెంటీమీటర్ల పొడవు, తూటాలు లేకుండానే 1.1 కిలోల బరువు. తూటాల పెట్టె ట్రిగ్గర్‌కు ముందు పొడుచుకొచ్చి ఉంటుంది. గడియ, దిమ్మ, జారే గొట్టం వీటన్నిటికీ చోటు కావాలి. ఇది జేబులో పట్టే వస్తువు కాదు. దాచుకుని తిరగాల్సినవాడు దీన్ని కోరి కొనుక్కోడు.

బెంగాల్ విప్లవకారులు కోరి కొనుక్కోలేదు కూడా. 1878 ఆయుధాల చట్టం కింద వాళ్లకు లైసెన్సు ఎవరిస్తారు? దొరికినవాటిని ఎత్తుకొచ్చారు. 1914 ఆగస్టు 26న కలకత్తా డల్హౌసీ స్క్వేర్ దగ్గర వాన్సిటార్ట్ రోలో ఉన్న తుపాకుల వ్యాపారులు రోడా కంపెనీ గుమస్తా శిరీష్ చంద్ర మిత్ర, 'టాక్టీషియన్' అనే ఓడలో వచ్చిన 202 పెట్టెల ఆయుధాలను కస్టమ్స్ నుంచి విడిపించాడు. ఏడు ఎడ్లబండ్లు బయలుదేరాయి. ఆరు బండ్లు 192 పెట్టెలతో గోదాముకు చేరాయి. ఏడో బండిని తోలుతున్నది బండివాడి వేషంలో ఉన్న హరిదాస్ దత్తా. అది మలంగా లేన్ వైపు మళ్లింది. మిగతావి తెస్తానని వెళ్లిన గుమస్తా మళ్లీ కనపడలేదు. పోలీసులకు సంగతి తెలిసేసరికి మూడు రోజులైంది. పోయిన పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు. బ్రిటన్‌కూ జర్మనీకీ యుద్ధం మొదలై అప్పటికి మూడు వారాలే.

44 పిస్టళ్లు దాదాపు వెంటనే తొమ్మిది విప్లవ బృందాల చేతికి వెళ్లాయి. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం 54 ఘటనల్లో వాటిని వాడారు. ఆ నివేదిక ప్రత్యేకంగా చెప్పిన విషయం ఒకటుంది. పిస్టల్ పెట్టుకునే చెక్క ఒరనే పిడికి తగిలిస్తే భుజానికి ఆనించి కాల్చే తుపాకి అవుతుంది. బాలాసోర్ దగ్గర చషాఖండ్‌లో 1915 సెప్టెంబరు 9న విప్లవ నాయకుడు బాఘా జతీన్, నలుగురు సహచరులు మౌజర్లతో పెద్ద పోలీసు బలగాన్ని గంటకు పైగా నిలబెట్టింది ఆ బలంతోనే. ఆ సహచరుల్లో చిత్తప్రియ అక్కడే ప్రాణం విడిచాడు, జతీన్ మర్నాడు ఆసుపత్రిలో.

బయలులో పనికొచ్చిన గుణాలే పట్నంలో ఎదురు తిరిగాయి. శాలువా కింద దాచాలంటే మౌజర్ బరువు. ఒక్కో పిస్టల్ మీద కర్మాగారం కొట్టిన నంబరు రోడా లెక్కల్లో ఉంది, దొరికిన పిస్టల్ ఎక్కడిదో పోలీసులు ఇట్టే చెప్పేవారు. దాని తూటా కూడా మిగతా పిస్టళ్లకు పట్టేది కాదు, నేల మీద పడ్డ గుల్లే జాడ చెప్పేది. 1918 నాటికి 31 తిరిగి దొరికాయి.

దాచుకునే పనికి ఎవరి యంత్రం కుదిరిందో చూడాలంటే మౌజర్‌కు అసలు పోటీదారుడి దగ్గరికి రావాలి. జాన్ బ్రౌనింగ్ అమెరికావాడు, తన పిస్టల్ చేయించింది బెల్జియంలో. ఆయన ప్రశ్నను తలకిందులు చేశాడు. గడియ ఎంత బాగా పెట్టాలని కాక, అసలు గడియ అవసరమా అని అడిగాడు. 1899లో ఆయన పిస్టల్‌తో పాటే వచ్చిన 7.65 మి.మీ. తూటా శక్తి మౌజర్ శక్తిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంత మెత్తని తన్నుకు తలుపు బరువే చాలు. తూటా బయటపడేవరకు ఆ బరువు, ఒక స్ప్రింగు కలిసి తలుపును దాదాపు మూసే ఉంచుతాయి. గొట్టాన్ని కప్పుతూ ముందుకూ వెనక్కూ జారే పైకప్పులోనే తలుపును కలిపేసి, తూటాల పెట్టెను పిడిలో దూర్చేశాడు. పిస్టల్ 17 సెంటీమీటర్లకు కుదించుకుపోయింది, బరువు 600 గ్రాములకు కాస్త పైన. 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషన్‌లో కలెక్టర్ ఆష్‌ను కాల్చిన వాంచినాథన్ చేతిలో ఉన్నది బ్రౌనింగే. అంతకు మూడేళ్ల ముందు, మా ఏక్‌బాల్‌పూర్‌కు పొరుగునే ఉన్న అలీపూర్‌లో, జైలు ఆసుపత్రిలో కనాయిలాల్ దత్త్, సత్యేన్ బోస్ అప్రూవర్ నరేన్ గోసాయిని కాల్చినప్పుడు లోపలికి చేరినవి రివాల్వర్లు. జైలు గోడ దాటించాల్సినవాళ్లకు మౌజర్ గొట్టం పొడుగే చాలు, వద్దనుకోవడానికి.

యంత్రంగా నా ఓటు మౌజర్‌కే. కాని జేబు బ్రౌనింగ్‌కు ఓటేసింది.

తర్వాతి కథ త్వరగా చెప్పేయొచ్చు. జర్మన్ సైన్యం మౌజర్‌ను కాదని లూగర్‌ను ఎంచుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో కొరత వచ్చి, 9 మి.మీ. తూటాకు సరిపోయేలా మార్చి, పిడి మీద ఎర్రటి 9 అంకె చెక్కించి మౌజర్లు చేయించుకుంది. చైనా లెక్కలేనన్ని కొని, తానే నకళ్లు చేసుకుంది. సోవియట్ టోకరేవ్ పిస్టల్ తూటా ఈ తూటా వారసురాలే. 1937లో తయారీ ఆగేనాటికి పది లక్షలకు అటూ ఇటూగా వెలువడ్డాయి. స్టార్ వార్స్ సినిమాలో హాన్ సోలో చేతిలోని తుపాకిని ఒక పాత మౌజర్ మీదే కట్టారు.

మన దేశంలో ఈరోజు లైసెన్సున్న పౌరుడు కొనే పాయింట్ 32 పిస్టల్‌లో పెట్టేది బ్రౌనింగ్ 1899 నాటి 7.65 మి.మీ. తూటానే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పోటీలో వాడే తూటా ఇంకా చిన్నది, పాయింట్ 22. ఆ తన్నుకు గడియ ఊసే అక్కరలేదు. తలుపు బరువు, ఒక స్ప్రింగు ఉంటే సరిపోతుంది. ఎంత బరువు సరిపోతుందో ట్యూషన్ పిల్లలకు ఇంటిపనిగా ఇచ్చాను.