గ్రూప్‌గా టార్గెట్ షూటింగ్‌కి ప్లాన్ చేస్తున్నారా? ఖాళీ జాగా కాదు.. ముందు చూడాల్సింది ఇదే!

హైదరాబాద్‌లో 'షూటింగ్‌కి పోదామా' అంటే ఎవరికైనా ముందు సినిమానే గుర్తొస్తుంది. కానీ ఇక్కడ మాట్లాడుతున్నది గురి చూసి పేల్చే టార్గెట్ షూటింగ్ గురించి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి షూటింగ్‌లోనే 3 కాంస్య పతకాలు వచ్చాయి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా అక్కడ 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లో బరిలోకి దిగింది. అవి చూశాక 'మనమూ ఒకసారి ట్రై చేద్దాం' అనిపించడం సహజమే.

మౌలాలిలో ఉండే ఫ్రెండ్స్ గ్యాంగ్ కావచ్చు, తార్నాకలో పీజీల్లో ఉండే ఓయూ స్టూడెంట్స్ కావచ్చు, ఆఫీస్ టీమ్ కావచ్చు. 10, 12 మంది కలిసి వెళ్లాలంటే వచ్చే మొదటి ప్రశ్న.. ఎక్కడికి? చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఖాళీ జాగా ఎక్కడుందా అని వెతుకుతారు. నిజానికి చూడాల్సింది గురి తప్పితే పెల్లెట్‌ను ఆపేది ఏంటి, 'ఆపండి' అని చెప్పేది ఎవరు అన్నది. ఈ రెండింటికీ జవాబు ఉన్న చోటే షూటింగ్ వెన్యూ. లేకపోతే అది ఉత్త ఖాళీ స్థలమే.

టెర్రస్, గుట్ట, క్యాంపస్.. ఎందుకు వద్దు?

'మా బిల్డింగ్ పైన పెట్టుకుందాం' అనేది మొదట వచ్చే ఐడియా. పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చే పెల్లెట్ సైజు 4.5 మిల్లీమీటర్లే. కానీ దాని వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. టార్గెట్‌కి తగలకపోతే అది వందల మీటర్ల దూరం పోగలదు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే కాలనీల్లో అంత దూరంలో ఎన్ని డాబాలు, ఎన్ని కిటికీలు ఉంటాయో మీకే తెలుసు. కంటికి తగిలితే చూపే పోవచ్చు.

మౌలాలి గుట్ట వైపు రాళ్ల మధ్య అయితే ఎవరూ ఉండరు కదా అనుకోవద్దు. అది దర్గా ఉన్న గుట్ట, మెట్లెక్కి వచ్చే భక్తులుంటారు. పైగా గ్రానైట్ రాయికి తగిలిన పెల్లెట్ అక్కడే ఆగదు, ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు. తిరిగి పేల్చినవాళ్ల వైపే రావచ్చు.

ఓయూ క్యాంపస్ సంగతీ అంతే. చెట్లు, ఖాళీ స్థలాలు చూసి 'ఓ మూలన పెట్టుకుందాం' అనిపిస్తుంది. కానీ పొద్దున, సాయంత్రం వాకర్లు తిరుగుతారు, హాస్టల్ పిల్లలు తిరుగుతారు. చేతిలో ఎయిర్ గన్‌తో కనిపిస్తే దూరం నుంచి చూసినవాళ్లకు అది ఏ గన్నో ఎలా తెలుస్తుంది? 100కి ఫోన్ వెళ్లడానికి అది చాలు.

చట్టం ఏం చెప్తోంది?

'ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కదా' అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సగం నిజం. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం పాయింట్ 177 అంటే 4.5 మిల్లీమీటర్ల బోర్ దాటినా, ఎనర్జీ 20 జౌల్స్ దాటినా ఆ ఎయిర్ గన్‌కి లైసెన్స్ కావాలి. ఆ రెండు హద్దుల లోపు ఉన్నవాటికి అక్కర్లేదు. పాయింట్ 22 రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ లాంటి మందుగుండు ఆయుధాలైతే 1959 ఆర్మ్స్ యాక్ట్ కిందకు వస్తాయి. వాటికి లైసెన్స్ ఉండాల్సిందే, 21 ఏళ్లు నిండాల్సిందే. శిక్షణ కోసం అయితే అంతకంటే చిన్నవాళ్లకు కొన్ని షరతులతో వీలుంది.

లైసెన్స్ అక్కర్లేదు అంటే ఎక్కడైనా పేల్చొచ్చని కాదు. నిర్లక్ష్యంగా ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 వర్తిస్తుంది. ఎవరికైనా తీవ్ర గాయమైతే శిక్ష 3 ఏళ్ల జైలు వరకు ఉండొచ్చు. సరదాగా పక్షుల మీద గురిపెట్టినా కష్టమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

ఇంకోటి. ఫ్రెండ్ వాళ్ల నాన్నగారి లైసెన్స్ గన్ ఉంది, అది తెస్తాడు అంటే అస్సలు ఒప్పుకోవద్దు. లైసెన్స్ ఆయన పేరు మీద ఉంటుంది, మీ గ్రూప్ పేరు మీద కాదు.

మరి ఎక్కడికి వెళ్లాలి?

*షూటింగ్ రేంజ్:* హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో, గచ్చిబౌలి వైపు, రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీ షూటింగ్ రేంజ్ ఉంది. సిటీలో పెద్ద రేంజ్ అంటే ముందు వినిపించేది దీని పేరే. ఇది ముఖ్యంగా ప్రాక్టీస్ చేసే ప్లేయర్ల కోసం. అందుకే కొత్తవాళ్ల గ్రూప్‌ని తీసుకుంటారా, ఏ రోజు తీసుకుంటారు అన్నది ముందే ఫోన్ చేసి తేల్చుకోవాలి. నేరుగా వెళ్లి గేటు దగ్గర నిలబడితే రోజు వేస్ట్.

*ప్రైవేట్ అకాడమీలు:* హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఆయన మొదలుపెట్టిన 'గన్ ఫర్ గ్లోరీ' అకాడమీ ఇక్కడా శిక్షణ ఇస్తోంది. బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ధనుష్ శ్రీకాంత్ అక్కడ తయారైన షూటరే. గ్రూప్‌కి ఇలాంటి అకాడమీలో ఒక ట్రయల్ సెషన్ అడగడం మంచి దారి. గన్ వాళ్లదే, కోచ్ వాళ్లే, పెల్లెట్‌ను ఆపే ఏర్పాటూ వాళ్లదే.

*ఎన్‌సీసీ:* మీరు డిగ్రీ స్టూడెంట్ అయితే, కాలేజీలో యూనిట్ ఉంటే ఇది బెస్ట్. క్యాడెట్లకు పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగ్ నేర్పిస్తారు. ఒక్క వీకెండ్ సరదా కాదు గానీ, నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు ఖర్చు పెద్దగా లేని దారి.

*రిసార్ట్‌లు, అడ్వెంచర్ పార్క్‌లు:* సిటీ శివార్లలో కొన్నిచోట్ల టీమ్ ఔటింగ్ ప్యాకేజీలో 'రైఫిల్ షూటింగ్' అని రాసి ఉంటుంది. అది బెలూన్లు పేల్చే స్టాల్ కావచ్చు, పద్ధతిగా కట్టిన లేన్ కావచ్చు. ఫొటో పంపమని అడగండి. పెయింట్‌బాల్ వేరే ఆట, దాన్నీ దీన్నీ కలపొద్దు.

పోలీసు, ఆర్మీ ఫైరింగ్ రేంజ్‌లు మాత్రం లిస్టులోంచి తీసేయండి. మౌలాలిలో ఆర్పీఎఫ్ శిక్షణ కేంద్రం ఉంది కదా, అడిగి చూద్దాం అనుకోవద్దు. అవన్నీ వాళ్ల సిబ్బంది కోసమే.

దూరమే అసలు తలనొప్పి

మౌలాలి, తార్నాక సిటీకి తూర్పున. సెంట్రల్ యూనివర్సిటీ పడమటి చివర. బండి మీద వెళ్తే ట్రాఫిక్‌లోనే సగం ఓపిక అయిపోతుంది. తార్నాక నుంచి మెట్రో బ్లూ లైన్ ఎక్కితే మారకుండా రాయదుర్గం దాకా వెళ్లొచ్చు, అక్కడి నుంచి బస్సో ఆటోనో. మౌలాలి వాళ్లకు ఎంఎంటీఎస్ ఆప్షన్ ఉంది. 2024 మార్చి 5న మొదలైన ఘట్‌కేసర్–లింగంపల్లి సర్వీస్ మౌలాలి–సనత్‌నగర్ లైన్ మీదుగానే వెళ్తుంది. లింగంపల్లిలో దిగితే యూనివర్సిటీ దగ్గరే. కాకపోతే టైమింగ్స్ చూసుకుని బుకింగ్ పెట్టుకోండి.

సొంత ఎయిర్ గన్ మోసుకెళ్లే ఆలోచన మానుకోండి. మెట్రో స్కానింగ్ దగ్గరే ఆగిపోతారు. రేంజ్ వాళ్ల గన్ వాడితే ఆ గొడవే ఉండదు.

ఈ దూరం కొత్తవాళ్లకే కాదు, ప్లేయర్లకూ సమస్యే. ఈషా సింగ్ మొదట్లో ఇంట్లోనే ప్రాక్టీస్ చేసేలా వాళ్ల నాన్న ఏర్పాటు చేశారు. అది కూడా సరైన అడ్డు, పెద్దల పర్యవేక్షణ ఉంటేనే కుదిరే పని. 12 మంది కొత్తవాళ్లతో టెర్రస్ మీద చేసేది కాదు.

బుక్ చేసే ముందు ఫోన్‌లో ఇవి అడగండి

1. సార్, కొత్తవాళ్ల గ్రూప్‌ని తీసుకుంటారా? మొత్తం ఎంతమంది వరకు?
2. ఒకేసారి ఎంతమంది పేల్చొచ్చు, లేన్లు ఎన్ని?
3. మేం పేలుస్తున్నంతసేపు కోచ్ లేదా రేంజ్ ఆఫీసర్ పక్కనే ఉంటారా?
4. రేటులో గన్, పెల్లెట్లు, టార్గెట్ పేపర్ అన్నీ కలిపేనా? ఒక్కొక్కరికి ఎన్ని షాట్లు?
5. కళ్లద్దాలు మీరే ఇస్తారా?
6. ఎంత వయసు నుంచి అనుమతిస్తారు? ఆధార్ కాపీ కావాలా?
7. ఏ గేటు నుంచి లోపలికి రావాలి? ఎవరైనా రాలేకపోతే డబ్బులు తిరిగిస్తారా?

మూడో ప్రశ్నకు 'అదేం అవసరం లేదండీ, మీరే పేల్చుకోవచ్చు' అని జవాబొస్తే ఫోన్ పెట్టేయండి. రేటు ఎంత తక్కువైనా సరే.

టైమ్ లెక్క ఇలా వేసుకోండి

ఉదాహరణకు మీరు 12 మంది, లేన్లు 4 అనుకుందాం. అంటే 3 బ్యాచ్‌లు. కొత్తవాళ్లకు 20 షాట్లకు దాదాపు అరగంట పడుతుంది. 3 బ్యాచ్‌లకు గంటన్నర. ముందు జాగ్రత్తలు చెప్పడానికి ఇంకో 20 నిమిషాలు. అంటే దాదాపు 2 గంటలు. గంటకే బుక్ చేసుకుంటే చివరి బ్యాచ్ వాళ్లు ఉత్త చేతులతో ఇంటికి వస్తారు, ఆ తర్వాత వాట్సాప్ గ్రూప్‌లో జరిగేది మీకు తెలిసిందే.

రేంజ్‌లో అడుగుపెట్టాక

గన్ గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. పక్కవాళ్లతో మాట్లాడటానికి తిరిగినా సరే, గన్ తిరగకూడదు. గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. రేంజ్ ఆఫీసర్ చెప్పాకే లోడ్ చేయాలి, 'స్టాప్' అనగానే ఆపేయాలి. అందరూ గన్లు కింద పెట్టేదాకా టార్గెట్ల వైపు ఎవరూ నడవకూడదు. సెల్ఫీలు, రీల్స్ అన్నీ ఫైరింగ్ లైన్ బయటే. చాలా పెల్లెట్లు సీసంతో చేసినవి, కాబట్టి చేతులు కడుక్కున్నాకే బిర్యానీ.

స్కోర్ రాలేదని నిరాశ వద్దు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో మధ్యలో ఉండే 'పది' చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఎయిర్ పిస్టల్‌కైతే 11.5 మిల్లీమీటర్లు. మొదటి రోజు పెల్లెట్లన్నీ పేపర్ మీద పడితే అదే గెలుపు.

చివరగా..

గ్రూప్‌లో ఒక్కరు బాధ్యత తీసుకుని ఆ 7 ప్రశ్నలు అడిగితే చాలు, సగం పని అయిపోయినట్టే. సరైన జవాబులు రాకపోతే ఆ వీకెండ్ ప్లాన్ మార్చేయండి, ఇంకో వారం చూసుకోవచ్చు. పోయిన కన్ను మాత్రం తిరిగి రాదు.